ఉమెనో పొలం మడవ

ముందే చెప్తున్నాను, మా ఆయన చెడ్డవాడు కాదు. పొగరుబోతు. ఈ రెండూ వేరువేరని పెళ్ళయినప్పటినుంచీ నమ్ముతూ వచ్చాను. ఈ వసంతంలో ఆ నమ్మకం కాస్తా చెడింది. దానితోపాటు నామీద నాకున్న మంచి అభిప్రాయం కూడా పోయింది.

మా ఊళ్ళో అందరి బతుకూ అందానికి పెంచే రంగుల కోయి చేపలతోనే. నీగతా కొండల్లో చలికాలమంతా నిలువెత్తు మంచు. అది కరిగాక ఇక నీళ్ళకు కరువుండదు. కొండవాలంతా మెట్లు మెట్లుగా వరిమడులు, వాటి మధ్యమధ్య చేపల చెరువులు. తల్లిచేపలూ తండ్రిచేపలూ మగవాళ్ళ వ్యవహారం. చేపపిల్లలను ఏరేది మాత్రం ఆడవాళ్ళం. తెల్లని పింగాణీ గిన్నెలో కాసిని నీళ్ళతో పోసుకుని, పనికొచ్చేవి ఉంచి పనికిరానివి తీసేస్తాం. కజామా వారి హత్సుయే కంట్లో పడకుండా ఏ వంకరా తప్పించుకోదని ఊళ్ళో అంటారు. ఆ హత్సుయేని నేనే.

మా ఆయన పేరు షోజో. రెండు చలికాలాల కిందట టోక్యోలో జరిగిన పోటీలో మా ఎర్రమచ్చల ఆడచేపకు అన్నిటికన్నా పెద్ద బహుమానం వచ్చింది. ఇక మనిషి నేలమీద నిలవలేదు. "ఇందులో నా గొప్పేముంది, అంతా మన ఊటదేవత చలవ" అని వినయంగానే అన్నాడు. కాకపోతే ఆ వినయాన్ని ఇంటింటికీ వెళ్ళి చాటి వచ్చాడు. దేవత గుడికి తుప్పు పట్టిన రేకులు తీయించి రాగి కప్పు వేయిస్తానని మొక్కుకున్నాడు. మళ్ళీ మంచు పడేలోపు వేయించాడు కూడా. ఎండ పడితే ఆ కప్పు ఎదురుకొండమీది ఊరికి కూడా కనబడేది. మెట్ల పక్కన రాయిమీద ఆయన పేరు చెక్కారు. ప్రతిష్ఠ పండుగ మాత్రం నాట్ల వేళకు, చుట్టుపక్కల ఊళ్ళ చేపలవాళ్ళందరూ రాగలిగేటప్పుడు పెట్టుకుందామన్నారు.

ఆ గుడి వెనకే మా ఊట. రాతిసందులోంచి వచ్చి, గుడి చూరు కిందనున్న రాతితొట్టిలో పడి, అక్కణ్ణించి కాలువై దిగుతుంది. కాలువమీద మొదట వచ్చేది ఉమెనో పెద్దమ్మ పొలం. ఆమె మడుల్లోకి నీళ్ళు వెళ్ళే మడవకు ఒక చెక్కపలక ఉంటుంది, ఎత్తితే నీళ్ళు పారతాయి, దించితే ఆగిపోతాయి. ఆమె మడుల్లోంచి పొర్లిన నీళ్ళు మళ్ళీ కాలువలో కలిసి, కిందనున్న మా గుడ్ల తొట్లకు వస్తాయి. మధ్యలో ఇంకెవరూ లేరు.

ఈ ఏడు ఆ బహుమానం చేపకే గుడ్లు పెట్టించాం. వయసు మీదపడిన చేప, మళ్ళీ ఏడు పెడుతుందో లేదో తెలియదు. మా ఆయన తొట్ల దగ్గరే కాపురం పెట్టాడు. గుడ్లలో నల్లటి కళ్ళు కనబడ్డాయి. అంతా బాగానే ఉందనుకున్నాం. గుడ్లు పిగిలిన రోజు పొద్దున గిన్నెతో ముంచి చూసేసరికి నా చెయ్యి అలాగే ఆగిపోయింది.

"ఏమండీ, ఒకసారి ఇలా రండి."

"ఏమిటే పొద్దున్నే ఆ గొంతు?"

"గొంతు సంగతి తర్వాత. ఇవి చూడండి."

అప్పుడే పుట్టిన కోయి పిల్ల వెంట్రుకంత ఉంటుంది. తిన్నగా ఉంటుంది. తొట్టి గోడకు అంటుకుని కాస్త బలం పుంజుకుని, తర్వాత పైకి ఈది గాలి గుటకేస్తుంది. ఆ గుటక పడితేనే చేప అవుతుంది. గిన్నెలో ఉన్నవాటికి నడుములు వంగిపోయి ఉన్నాయి. గుండె ఉండేచోట నీటిబుడగలా ఉబ్బు. కొన్ని పైకి పోదామని తోక కొట్టుకుంటున్నాయి, కొట్టుకున్నకొద్దీ ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతున్నాయి. ఒక్కటీ పైకి రాలేదు.

"చలి దెబ్బ," అన్నాడు మా ఆయన. "వాన పడి నీళ్ళు చల్లబడ్డాయి. పారేసి తొట్టి కడుగు."

పారేశాను. రెండో విడత గుడ్లు వేశాం. మళ్ళీ వాన పడింది. మళ్ళీ అవే వంకర నడుములు. ఈసారి గుడ్లలో సగం పిగలకుండానే తెల్లబడి బూజు పట్టాయి. మా ఆయన తొట్టి అంచు పట్టుకుని కూర్చుండిపోయాడు. లేచేసరికి ముఖం మారిపోయింది.

"ఎగువనుంచి ఏదో వస్తోంది," అన్నాడు. "ఎగువన ఉన్నదెవరు?"

ఉన్నది ఒక్కరే. ఉమెనో పెద్దమ్మ. భర్త పోయాక ఆ మెట్టుమడులు ఒంటరిగా చేసుకుంటోంది. డెబ్బై దాటాయి, మోకాళ్ళు సహకరించవు, నోరు మాత్రం భేషుగ్గా పనిచేస్తుంది. చిన్నప్పుడు మా అత్తగారు పొలం పనికి పోతే షోజోని వీపున కట్టుకుని ఊరంతా తిప్పింది ఈ పెద్దమ్మేనట. ఆ సంగతి ఆమె మర్చిపోలేదు, ఈయనకు గుర్తుచేస్తే గిట్టదు.

ఊరి నీళ్ళ పెత్తనం తోకురోది. మంచి మనిషే, ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ళవైపు ఒరుగుతాడు. మా ఆయన అడిగాడని సభ పెట్టించాడు. అందరం చాపలమీద కూర్చున్నాం. ఉమెనో పెద్దమ్మ కాళ్ళు ముడవలేక, గోడకు ఆనుకుని చాపుకుని కూర్చుంది.

"పెద్దమ్మా, అడుగుతున్నానని ఏమీ అనుకోకు," అన్నాడు తోకురో. "మొన్న నువ్వు వీపున నీలం డబ్బా మోసుకుంటూ పైకి పోతుంటే చూశాను. గడ్డిమందేనా?"

"చారులోకి మిసో ముద్ద, నాయనా. ఇంట్లో చోటులేక పైన కొట్టంలో పెట్టాను. నమ్మకం లేకపోతే వచ్చి నాకి చూడు."

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. మా ఆయన నవ్వలేదు.

"గట్లమీద గడ్డి కొయ్యడానికి నీ మోకాళ్ళు వంగవు కదా పెద్దమ్మా. మరి నీ గట్లు అంత నున్నగా ఎలా ఉన్నాయో?"

"వంగకపోతే చతికిలబడి పీకుతాను. పొద్దు గుంకేదాకా పీకితే నున్నగానే ఉంటాయి. బహుమానాలు మోసుకు తిరిగేవాళ్ళకు ఆ తీరిక ఉండదు గానీ నాకుంది."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "నా పిల్లలు నడుములు విరిగి చస్తుంటే నీకు ఎకసెక్కంగా ఉందా? నువ్వు మందు కొట్టావు. ఆ నీళ్ళే నా తొట్లకొచ్చాయి. అంతే!"

మా ఊళ్ళో ఎవరూ ఎవరినీ మొహంమీద అలా అనరు. చుట్టూ తిప్పి అంటాం, వినేవాళ్ళు అర్థం చేసుకుంటారు. మా సభల్లో చేతులెత్తడం లాంటివి ఉండవు. ఎవరైనా ఒక మాట అన్నాక ఎదురు మాట రాకపోతే ఊరు ఒప్పుకున్నట్టే లెక్క. తోకురో అందరి మొహాలూ చూశాడు. అందరూ టీ కప్పుల్లోకి చూస్తున్నారు.

"అయితే చేపల పని అయ్యేదాకా ఎగువ మడవ కట్టేద్దాం," అన్నాడు.

ఉమెనో పెద్దమ్మ గోడ పట్టుకుని లేచింది. "కట్టండి. పిల్లచేపలకు నా నీళ్ళు పడవంటే కట్టడమే మంచిది. కానీ దమ్ము చేసి ఉంచిన మడి అది. ఎండితే నెర్రెలిస్తుంది. ఈ కొండమట్టి సంగతి నేను మీకు చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. మా కొండ మెట్టుమడి ఒక్కసారి లోతుగా నెర్రెలిచ్చిందంటే మళ్ళీ నీళ్ళు పట్టదు. పోసిన నీరు పోసినట్టే నెర్రెల్లోకి దిగిపోయి, ఒకరోజు గట్టుతో సహా మడి కిందికి జారుతుంది. అలా పోయిన మడులు మా కొండమీద ఎన్నో ఉన్నాయి, ఇప్పుడక్కడ రెల్లు తప్ప ఏమీ లేదు. అందరికీ తెలుసు. అయినా ఎవరూ నోరెత్తలేదు. మర్నాడు తోకురో వచ్చి ఆమె మడవ పలక దించి మేకులు కొట్టాడు.

మూడో విడత గుడ్లు చక్కగా పిగిలాయి. తిన్నని పిల్లలు. ఒకటొకటే పైకొచ్చి గాలి గుటకేస్తుంటే మా ఆయన పసివాడిలా చప్పట్లు కొట్టాడు. "చూశావా? నేను చెప్పలేదూ? ఆ నంగనాచి చేసిన పనే!" ఊళ్ళో అందరికీ తలా గిన్నెడు పిల్లలు చూపించాడు. గుడ్లు వేసిన ఆ నాలుగు రోజులూ ఒక్క చినుకు కూడా పడలేదన్న సంగతి నాకు తట్టలేదు. మా కళ్ళు వంకర నడుము కనిపెడతాయి, అంతవరకే.

నాలుగో విడతప్పుడు ఒక జల్లు పడింది. పిల్లలు వంకర.

"మడవ తీసింది! దొంగచాటుగా పలక పీకింది!" అని మా ఆయన శివాలెత్తాడు.

నేను పైకి వెళ్ళి చూశాను. తోకురో కొట్టిన మేకులు కొట్టినట్టే ఉన్నాయి. మడవ దగ్గర సాలీడు గూడు కట్టింది. పొలంలో ఆ జల్లు తడి ఉంది, కాలువ నీరు మాత్రం లోపలికి చుక్క రాలేదు. ఇంటికొచ్చి ఆయనతో చెప్పకుండా, మా తొట్టి నీళ్ళూ వంకర పిల్లలూ సీసాల్లో పట్టి, నీళ్ళు పరీక్షచేసే సర్కారు చేపల కేంద్రానికి పంపించాను. అక్కడ నుమాతా అనే అమ్మాయి ఉంది. చదువుకున్న పిల్ల, మాట మెత్తన.

ఆ అమ్మాయి ఫోను మేము మధ్యాహ్నం భోంచేస్తుండగా వచ్చింది. మా ఆయనే తీశాడు.

"మా తొట్టి నీళ్ళా? హత్సుయే పంపిందా?... గడ్డిమందు లేదా? బాగా చూశావా?... ఏమిటీ? రాగా?" అని నవ్వాడు. "అమ్మాయ్, గుడ్లు పట్టడం నేను నేర్చుకున్నప్పటికి మీ అమ్మ కూడా పుట్టి ఉండదు. గుడ్ల దగ్గరికి రాగి తేకూడదని నాకు చెప్తున్నావా? మా ఇంట్లో రాగి చెంబుతో నీళ్ళు ముంచితే నేను ఊరుకుంటానా? గొట్టాలా? గొట్టాలన్నీ ప్లాస్టిక్కువి. నీళ్ళు ఎక్కణ్ణించి వస్తాయా? ఊటనుంచి. గుడి వెనక ఊట. దారిలో ఏమీ లేదు, గుడి చూరు కింద..."

ఆగిపోయాడు. మా వంటింటి కిటికీలోంచి చూస్తే దేవదారు చెట్ల పైన గుడి కప్పు కనబడుతుంది. ఆ రోజు ఎండగా ఉంది. ఆయన దానివైపు చూస్తూ ఫోను ఇంకా చెవికే పెట్టుకుని ఉన్నాడు. అవతల ఆ అమ్మాయి ఏదో చెబుతూనే ఉంది. "ఊఁ" అన్నాడు, మళ్ళీ "ఊఁ" అన్నాడు, చివరికి పెట్టేశాడు.

ఆ అమ్మాయి చెప్పిందేమిటో నేను లాగి లాగి రాబట్టాను. మావి మంచు కరిగిన తేలిక నీళ్ళట. అలాంటి నీళ్ళలో రాగి విషం ఎక్కువగా పనిచేస్తుందట. పెద్ద చేపకు ఏమీ చెయ్యని పిసరంత రాగి, గుడ్డులో వెన్ను కట్టుకుంటున్న పిల్లకు చాలట. కొత్త రాగి రేకులమీద వాన పడినప్పుడల్లా కాస్త కాస్త కరిగి చూరునుంచి కారుతుందట. అది నేరుగా మా రాతితొట్టిలోకే.

గుడ్ల దగ్గర రాగి పెట్టకూడదని ఆయనకు తెలుసు. నాకు తెలుసు. మా ఊళ్ళో పాకే పిల్లలకు కూడా తెలుసు. దేవత నెత్తిన పెట్టేటప్పుడు మాత్రం ఒక్కరికీ తోచలేదు. అది రాగి కాదు, మా షోజో భక్తి అనుకున్నాం.

చాపమీదనుంచి లేచాను. "పదండి."

"ఎక్కడికి?"

"ఎక్కడికేమిటి? ఎగువింటికి. మడవ తీసి, ఆమె కాళ్ళు పట్టుకుని వద్దాం."

ఆయన కదల్లేదు. "ప్రతిష్ఠ అయిపోనీ," అన్నాడు.

"ప్రతిష్ఠకు ఇంకా వారం ఉంది! మడి ఎండదూ?"

"మొన్నటి జల్లు తడి ఉంది కదే. మళ్ళీ మబ్బు పట్టేలా ఉంది. వాన పడితే దానికి నీళ్ళే."

"వాన పడితే మన పిల్లలు చస్తాయి!"

"కొత్త విడత గుడ్లను పెరటి బోరు నీళ్ళలోకి మార్చేద్దాం," అన్నాడు. అప్పటికే అంతా ఆలోచించి పెట్టుకున్నాడు. "హత్సుయే, నా మాట విను. అన్ని ఊళ్ళనుంచీ చేపలవాళ్ళు వస్తున్నారు. ప్రతిష్ఠ చేసే గురువుగారు వస్తున్నారు. వాళ్ళ ముందు నేనేమని చెప్పను? మొక్కు చెల్లించడానికి ఊట విషం చేశానని చెప్పనా? పండుగ అయ్యాక చూరుకు గొట్టం వేయించి నీళ్ళు అవతలికి మళ్ళిస్తాను. మడవ నేనే తీయిస్తాను. నీళ్ళు బాగుపడ్డాయని చెప్తే సరిపోతుంది. ఆమెకు పోయేదేముంది?"

"ఆమె పేరు పోయింది."

"ముసలివాళ్ళ పేరు ఎవరు గుర్తుపెట్టుకుంటారే!"

అప్పుడే చెంప పగలగొట్టి ఉండాల్సింది. కొట్టలేదు సరికదా, ఇంకో మాట కూడా అనలేదు. ఎందుకనలేదో చెప్పడానికి నాకిప్పటికీ నోరు రావడంలేదు, అయినా చెప్తాను. ఆ పండుగ నాకూ కావాలి. ముందు వరసలో కూర్చోవాలి, పక్క ఊళ్ళ ఆడవాళ్ళు నాకు వంగి దణ్ణం పెట్టాలి. దానికోసం కొత్త కిమోనో కుట్టించుకుని పెట్టెలో దాచుకున్నాను. అదీ నా బతుకు. సాయంత్రానికల్లా మా గుడ్లు బోరు నీళ్ళలో క్షేమంగా ఉన్నాయి. ఉమెనో పెద్దమ్మ మడవకు మేకులు అలాగే ఉన్నాయి.

మబ్బు పట్టలేదు. గాలి మాత్రం వీచింది, పొడిగా, ఆగకుండా.

ఆమె ఇంటివైపు వెళ్ళకుండా దారి మార్చుకుని నడిచాను. ఒకరోజు ఎంత తప్పించుకున్నా ఎదురుపడింది. చేతిలో బకెట్టు, కాళ్ళకు మోకాళ్ళదాకా బురద. మడి ఒక మూల సన్నగా విచ్చుకుందట, ఇంటినుంచి నీళ్ళు మోసి, బురద చేసి, కాలితో తొక్కి పూడుస్తోంది. ఒక పక్క పూడిస్తే ఇంకో పక్క విచ్చుకుంటోంది.

"హత్సుయే, నిన్నే! ముఖం తిప్పుకుని పోతావేమే? నేనేం కరుస్తానా?"

"లేదు పెద్దమ్మా, చూడలేదు."

"పిల్లలు తేరుకున్నాయా?"

"ఆఁ... ఇప్పుడు బాగానే ఉన్నాయి."

"హమ్మయ్య! అయితే కట్టిన మడవకు ఫలితం దక్కిందన్నమాట." బకెట్టు కింద పెట్టి నడుం పట్టుకుంది. "నేనైతే ఏమీ చల్లలేదే అమ్మాయ్. కానీ కట్టగానే బాగుపడ్డాయంటే నా పొలంలోనే ఏదో ఉండి ఉంటుంది. ఏమిటో అర్థంకాదు. కొట్టంలో మా ఆయన కాలంనాటి డబ్బాలు కొన్ని ఉన్నాయి, వాటికి చిల్లు పడిందేమో. రోజూ అదే ఆలోచన."

అప్పుడు చెప్పొచ్చు. దారిలో మేమిద్దరమే ఉన్నాం. నోరు తెరిచాను కూడా.

"ఇదుగో, ఇవి తీసుకుపో," అని నడుముకు కట్టిన మూటలోంచి, కొండమీద ఏరుకున్న వరాబి కూర చివుళ్ళు తీసి నా చేతుల్లో కుక్కింది. "బూడిద నీళ్ళలో ఒక పూట నానెయ్యి, చేదు పోతుంది. షోజోకి చిన్నప్పటినుంచీ ఇష్టం."

తీసుకున్నాను. వంగి దణ్ణం పెట్టి మరీ తీసుకున్నాను. ఇంటికి పోయి నానేసి, వండి, మా ఆయనకు వడ్డించాను. ఆయన రెండు ముద్దలు తిని, "బాగున్నాయి, ఎక్కడివి?" అన్నాడు. చెప్పాను. అన్నం తినే పుల్లలు కాసేపు గాల్లో ఆగాయి. తర్వాత తల వంచుకుని గిన్నె ఖాళీ చేశాడు. నేను ఒక్క చివురు కూడా ముట్టలేదు. అలాగని ఎదురుగా కూర్చున్న మనిషిని అసహ్యించుకునే హక్కు కూడా నాకు లేదు.

ప్రతిష్ఠ రోజు ఎండ బ్రహ్మాండంగా కాసింది. కప్పు ధగధగలాడిపోయింది. గురువుగారు మంత్రాలు చదివారు, దేవతకు బియ్యం, ఉప్పు, సారాయి పెట్టారు. పక్క ఊళ్ళ ఆడవాళ్ళు నాకు నేను కోరుకున్నట్టే వంగి వంగి దణ్ణాలు పెట్టారు. కొత్త కిమోనో మెడ దగ్గర కోసుకుంటోంది. ఇక సారాయి పోసుకోవడమే తరువాయి అనుకుంటుండగా, మెట్లు ఎక్కుతూ ఉమెనో పెద్దమ్మ వచ్చింది. ఒక్కొక్క మెట్టు దగ్గర ఆగి మోకాలు పట్టుకుంటూ, చేతిలో శుభకార్యాలకు వండే ఎర్రచిక్కుళ్ళ అన్నం డబ్బాతో వచ్చింది.

నేరుగా మా ఆయన ముందుకు వచ్చి, డబ్బా పక్కన పెట్టి, వంగని ఆ మోకాళ్ళను చేతులతో వంచుకుని నేలమీద కూర్చుంది. నుదురు నేలకు ఆనించింది.

"షోజో, దేవత ముందు చెప్తున్నాను. నేను తెలిసి ఏమీ చెయ్యలేదు. కానీ నా పొలం నీళ్ళకే నీ పిల్లలు చచ్చాయంటే, తెలియకుండా చేసినా తప్పు తప్పే. మడి ఎలాగూ పగిలిపోయింది. ఇక నాటను. మళ్ళీ ఏటికి కూడా నా నీళ్ళు నీ తొట్లమీదికి రావు. నన్ను క్షమించు."

పక్క ఊళ్ళవాళ్ళు అయ్యో అయ్యో అనుకున్నారు. ఎవరో ముక్కు చీదారు. తోకురో కళ్ళు తుడుచుకుని, "లే పెద్దమ్మా, లే. షోజో పెద్దమనసున్నవాడు, క్షమిస్తాడు" అన్నాడు. అందరూ మా ఆయనవైపు చూశారు. నేనూ చూశాను. ఇప్పుడు చెప్తాడు, ఇంతదాకా వచ్చాక చెప్పక ఏం చేస్తాడు అనుకున్నాను.

"సరేలే పెద్దమ్మా," అన్నాడు మా ఆయన. "అయిందేదో అయింది."

నా నోట్లోంచి ఏదో అరుపు వచ్చింది. మాటలు తర్వాత వచ్చాయి. "ఆమె కాదు! మా రాగి కప్పు! చంపింది మేము! ఆమె నేలమీద ఉంటే సరేలే అంటావా? సిగ్గులేదూ నీకు? నాకు లేదూ?" ఇంకా ఏమేమో అన్నాను. అందరి ముందూ మొగుణ్ణి నువ్వు అన్నాను. నా వెనక గురువుగారు ఏం చేస్తున్నారో, ఎవరు ఎటు చూస్తున్నారో ఏమీ తెలియలేదు. మా ఆయన ఒక్కసారిగా కూలబడ్డట్టు ఉమెనో పెద్దమ్మ ఎదురుగా మోకాళ్ళమీద పడ్డాడు. నుదురు నేలకు కొట్టుకున్నాడు. నేనూ ఆ పక్కనే పడ్డాను.

ఉమెనో పెద్దమ్మ మెల్లగా తలెత్తింది. ఆయన్ను చూడలేదు, నన్ను చూసింది.

"ఎప్పుడు తెలిసింది?"

ఎవరైనా అడ్డుపడితే బాగుండునని చూశాను. ఎవరూ పడలేదు.

"దారిలో కనబడ్డప్పటికి తెలుసా?"

"తెలుసు," అన్నాను.

ఆమె తల ఊపింది. నేలకు చెయ్యి ఆనించి లేవబోతే తోకురో పట్టుకోబోయాడు, నేను పట్టుకోబోయాను. రెండు చేతులూ తోసేసి, తనే లేచి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. అన్నం డబ్బా అక్కడే ఉండిపోయింది. దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

మా ఆయన పండుగ బట్టలతోనే కాలువవెంట పరిగెత్తాడు. నేను వెనక పరిగెత్తాను. మేకులు గోళ్ళతో పీకబోయాడు, రాకపోతే రాయితో పలక పగలగొట్టాడు. నీళ్ళు బుసబుసమంటూ మడిలోకి పారాయి. హమ్మయ్య అనుకున్నాను. ఒక బారెడు దూరం పారి, అక్కడున్న పెద్ద నెర్రెలోకి అన్నీ దిగిపోయాయి. చెయ్యి పెడితే మోచేతిదాకా పోయేంత నెర్రె. మా ఆయన మడిలోకి దూకి మట్టి తెచ్చి కుక్కాడు. నీళ్ళు పక్క నెర్రె చూసుకున్నాయి. దాన్ని పూడ్చబోతే ఇంకోటి. పట్టు బట్టలు, బురద, నెత్తిమీద పండుగ టోపీ. చూడలేకపోయాను.

ఉమెనో పెద్దమ్మ గట్టుమీద నిలబడి ఉంది. ఎప్పటినుంచి ఉందో తెలియదు.

"పెద్దమ్మా, తిట్టు," అన్నాడు మా ఆయన మడిలోంచి. ఏడుస్తున్నాడు. "కొట్టు. ఏదో ఒకటి అను."

"ఇప్పుడు అని ఏం లాభంరా?" అంది ఆమె. కోపం కూడా లేదు ఆ గొంతులో. "అప్పుడే వచ్చి చెప్పి ఉంటే తిట్టేదాన్ని. ముసలి నోటితో ఊరు వినేలా తిట్టి, కూర్చోబెట్టి టీ పెట్టి పంపేదాన్ని. అంతేగదరా అయ్యేది."

ఆయన బురద చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. ఆమె గట్టుమీద మెల్లగా నడిచి మడవ దగ్గరికి వెళ్ళింది. పగిలిన పలక ముక్కలు ఏరి అడ్డంగా పెట్టి, పైన రాళ్ళు పేర్చి, మట్టి మెత్తింది. నీళ్ళు ఆగిపోయాయి.

"ఎందుకు పెద్దమ్మా, ఉండనీ, ఇంకా పూడుస్తాం," అన్నాను నేను.

"లోపలికి దిగిన నీళ్ళు గట్టును జార్చేస్తాయే పిచ్చిదానా," అంది. "కింద మీ చేపల చెరువులున్నాయి."